మా గడప ఎందుకు పొట్టిదయింది

మా అత్తగారింటి గడప ఒకప్పుడు జానెడు ఎత్తు ఉండేదట. ఇప్పుడు నాలుగు వేళ్లు కూడా లేదు. గడప అరగలేదు, నేలే పైకి వచ్చింది. హాల్లో టైల్స్ వేయించాలా వద్దా అని ఇంట్లో వాదన నడుస్తుంటే మేస్త్రి చెప్పాడు, పాత బండల మీదే అతికిస్తే ఇంకో అర అంగుళం పోతుందని. అలా అయితే పసుపు రాయడానికి గడపకు ముఖమే మిగలదు.

అన్నిటికన్నా అడుగున ఉన్నది మట్టి నేల. అత్తమ్మ కొత్త కోడలిగా వచ్చినప్పుడు పేడ, ఎర్రమట్టి కలిపి చేత్తో అలికేవారు. వంగి వెనక్కి జరుగుతూ గుమ్మం దాకా రావాలి. ఆరేదాకా పిల్లల్ని బయటే ఆపాలి. అలికిన కొద్దీ పొర మీద పొర పేరుకుని నేల ఎత్తయ్యేది. కలిగినవాళ్ల ఇళ్లలో గచ్చు ఉండేది. గానుగలో తిప్పిన సున్నానికి బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి వేసి నునుపు చేసేవారు. మాది ఆ వరస కాదు.

తర్వాత బండలు. మా ఊరు తాండూరు పక్కనే. అక్కడి సున్నపురాయి భూమిలోనే పొరలుగా ఉంటుంది, లేపితే పలకలుగా వస్తుంది. వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో వేసిన రైలుమార్గం తాండూరు మీదుగానే పోతుంది. దూరపు ఊళ్లకు రాయి రైల్లో వెళ్లింది, మాకు ఎడ్లబండి చాలింది. కర్నూలు వైపు బేతంచెర్ల బండలూ ఇదే పని చేశాయి. బండలతో అలకడం పోయి కడగడం వచ్చింది. అందుకే వాటం పెట్టి పరిచేవారు, బిందెడు నీళ్లు పోస్తే వాటంతటవే తూము వైపు పోయేవి. "బండలు పరిచిన రోజు నా నడుము నాకు తిరిగొచ్చింది" అంటారు అత్తమ్మ.

టైలు కథ ఇంకోచోట మొదలైంది. 1840లో ఇంగ్లండులో రిచర్డ్ ప్రాసర్ అనే ఆయన పొడి మట్టిని అచ్చులో గట్టిగా నొక్కే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన దృష్టిలో ఉన్నవి గుండీలు! దాంతో పలకలు చేయొచ్చని గ్రహించింది పింగాణీ వ్యాపారి హెర్బర్ట్ మింటన్. తడి మట్టి ఆరేటప్పుడు కుంచించుకుని వంకర తిరుగుతుంది, పొడి మట్టికి ఆ బాధ తక్కువ. మన దేశంలో ఇప్పుడు టైల్స్ చాలావరకు గుజరాత్‌లోని మోర్బీ నుంచే వస్తాయి. ఒకప్పుడు ఇంటి పెంకులు చేసిన ఊరది.

టైల్స్ ఇళ్లలో వాటం పెట్టరు, మట్టంగా పరుస్తారు. కడగడం పోయి మాపు వచ్చింది. నిలబడే తుడవొచ్చు, అది నాకు పెద్ద సుఖమే. కానీ మెరిసే టైలు మీద నాలుగు చుక్కలు పడితే కంటికి కనపడవు. అత్తమ్మకు డెబ్బై దాటాయి.

మా ఆయన హాలుకే టైల్స్ కావాలన్నారు, వచ్చినవాళ్లు చూసేది అదేనని. నేను ఒప్పుకోలేదు. హాల్లో బండలు అలాగే ఉంచి, కదిలిన నాలుగింటిని తీసి మళ్లీ పరిపించి, సందులు సిమెంటుతో పూడ్పించాం. వంటింట్లో మాత్రం పాతవి తవ్వించి గరుకు రకం టైల్స్ వేయిస్తున్నాం. అత్తమ్మ తెల్లవి కావాలన్నారు. తెల్లవాటికి పోపు మరక పోదని నేను. ఇంకా తేలలేదు, మేస్త్రి సోమవారం వస్తాడు.