ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సుకు ప్రమాణాలివీ

ఇంటర్ బైపీసీ పూర్తిచేసి వైద్యరంగంలో స్థిరపడాలనుకునే వారికి ఫిజీషియన్ అసిస్టెంట్ డిగ్రీ ఒక మార్గం. అయితే కొద్ది నెలల శిక్షణతో ఇచ్చే ధ్రువపత్రాన్ని డిగ్రీగా నమ్మి చేరితే రుసుముతో పాటు విలువైన కాలమూ వృథా అవుతుంది.

నేపథ్యం: అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో 1965లో డాక్టర్ యూజీన్ స్టెడ్ ఈ శిక్షణకు శ్రీకారం చుట్టారు. తొలి బృందంలో చేరిన నలుగురూ నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసినవారే. మన దేశంలో 1992లో మద్రాస్ మెడికల్ మిషన్‌లో డాక్టర్ కె.ఎం.చెరియన్ దీనిని ప్రారంభించారు.

చట్టం: ఆరోగ్య అనుబంధ వృత్తుల కోసం పార్లమెంటు 2021లో జాతీయ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. ఈ వృత్తి కూడా దాని పరిధిలోకి వస్తుంది. అనుబంధ వృత్తి నిపుణులకు కనీసం 2,000 గంటలు, ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణులకు కనీసం 3,600 గంటల చదువు ఉండాలని చట్టం నిర్దేశించింది. మొదటిది రెండేళ్లకు, రెండోది మూడేళ్లకు తగ్గరాదు.

విధులు: రోగి వివరాలు సేకరించడం, కేస్‌షీటు రాయడం, శస్త్రచికిత్సలో వైద్యునికి సహకరించడం వంటివి. వీరు వైద్యుని పర్యవేక్షణలోనే పనిచేయాలి. ఎంబీబీఎస్‌కు ఇది ప్రత్యామ్నాయం కాదు.

చేరేముందు: డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయం ఏది, దానికి గుర్తింపు ఉన్నదా, ఇంటర్న్‌షిప్ ఏ ఆస్పత్రిలో, ఎంతకాలం అనే వివరాలను కళాశాల నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. అనుబంధ ఆస్పత్రిని స్వయంగా చూసిన తర్వాతే రుసుము చెల్లించడం మేలు.