పిగిలిపిట్ట గూడు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి రాయమని కార్యదర్శిగారు అడిగారు. పి.ఆర్.సి.ల గురించీ, డి.ఏ. బకాయిల గురించీ రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు గనుక, నేను ఫొటోల సంగతి రాస్తానన్నాను. ఆయన నవ్వి సరేనన్నారు.

మన చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మద్రాసు కిందనే ఉండేది. అందుకే ఫొటోల పిచ్చి ఉన్న మనవాళ్ళకు గురుపీఠాలు హైదరాబాదులో కాక మద్రాసు, బెంగుళూరుల్లోనే ఉండేవి. మద్రాసులో ఫొటోగ్రఫీ సంఘం 1850లలోనే పుట్టింది. తీసినవి నలుగురి ముందు పెట్టి మంచిచెడ్డలు మాట్లాడుకోవడం అప్పటినుంచీ ఉన్న ఆచారం. బెంగుళూరులో జి. థామస్‌గారి చొరవతో 1953లో అఖిల భారత ఫొటోగ్రఫీ సమాఖ్య ఏర్పడింది. దాని పత్రిక పేరు ‘వ్యూఫైండర్’. పక్షులనూ జంతువులనూ తీయడంలో ఆ ఊరి ఓ.సి. ఎడ్వర్డ్స్‌గారు, ఆ తరువాత ఇ. హనుమంతరావు, టి.ఎన్.ఏ. పెరుమాళ్‌గార్లు పేరు పొందారు. మద్రాసులో ఎం. కృష్ణన్‌గారు 1950 మొదలు 1996లో కన్నుమూసేదాకా కలకత్తా ‘స్టేట్స్‌మన్’కు ప్రకృతి శీర్షిక రాశారు. ఆయన ఫొటోలన్నీ నలుపు తెలుపే.

ఇక మా బోటి గుమాస్తాల దగ్గర ఉన్నది క్లిక్ త్రీ కెమెరా. రోలుకు పన్నెండు బొమ్మలు. ఊటీ ఫ్యాక్టరీలో తయారయిన ‘ఇందు’ ఫిల్ము దొరికితే అది, లేకుంటే తూర్పు జర్మనీ ‘ఆర్వో’. ఊటీ ఫ్యాక్టరీ ఎప్పుడో మూతబడింది. పిట్టను తీస్తే ఆకాశంలో చుక్కలాగా పడేది. పోటీలకు నాలుగు ప్రింట్లు అట్టల మధ్య పెట్టి రిజిస్టరు పోస్టులో పంపితే, కొన్ని నెలలకు ఒక కార్డు వచ్చేది. అందులో ముగ్గురు న్యాయనిర్ణేతలు వేసిన మార్కులు మాత్రం ఉండేవి. ఎందుకు తగ్గాయో ఒక్క అక్షరం ఉండదు. మన ఫైళ్ళలోనే నయం, ‘పునఃపరిశీలించి సమర్పించవలెను’ అనైనా రాసేవారు.

1979 ఎండాకాలంలో స్నేహితుడి యాషికా కెమెరా అరువు తెచ్చుకుని ఒక ఆదివారం చంద్రగిరి కోట వెనక గుట్టకు పోయాను. కలివి పొదలో పిగిలిపిట్ట గూడు కనబడింది. కలివికోడికి పేరు తెచ్చిన కలివే అది. గూట్లో కళ్ళు తెరవని పిల్లలు మూడు. కొమ్మలు అడ్డంగా ఉంటే రెండింటిని కత్తితో నరికాను. తల్లి పురుగు తెచ్చి నోట్లో పెడుతుండగా తీసిన బొమ్మ నిజంగానే బాగా వచ్చింది. బుధవారం ఆఫీసులో చూపితే అందరూ బ్రహ్మాండమన్నారు. టీ కూడా తెప్పించారు.

మా సూపరింటెండెంటుగారు మాత్రం భూతద్దం తీసి చాలాసేపు చూశారు. బొమ్మ మూలలో తెల్లగా మెరుస్తున్న కొమ్మ తెగిన చోటు మీద వేలు పెట్టి, “ఏమప్పా, ఇది నువ్వు నరికిందేనా? మళ్ళీ పోయి చూసినావా?” అన్నారు. అంతే. బాగుందనీ బాగాలేదనీ అనలేదు.

ఆ సాయంత్రమే బస్సెక్కి పోయాను. గూడు ఒక పక్కకు ఒరిగి ఉంది. పిల్లలు లేవు. కాకో జెముడుకాకో, నేను తెరిచిన దారినే వచ్చి ఉంటుంది. దాచడమెందుకు, ఆ రోజు నాకు కోపం వచ్చింది నా మీద కాదు, ఆయన మీద! ఆరు నెలలు పని మాట తప్ప మరో మాట మాట్లాడలేదు. ఆయన రిటైరైన రోజు దండ వేశానే గాని ఆ సంగతి ఎత్తలేదు. తరువాత అవకాశం రాలేదు. ఆ ప్రింటు ఇప్పటికీ నా దగ్గరుంది. ఏ పోటీకీ పంపలేదు.

ఒకప్పుడు గూటి ఫొటోలంటే గొప్పగా చూసేవారు. ఇప్పుడు మన దేశంలో చాలా పోటీలు వాటిని తీసుకోవు. ప్రకృతి ఫొటోలో ఉన్నది చెరపకూడదు, లేనిది చేర్చకూడదు అని అంతర్జాతీయ సంస్థలు కలిసి ఒకే నిబంధన పెట్టుకున్నాయి. 2015 నుంచి అది అమలులో ఉంది.

మొన్న మా మనుమరాలు అలిపిరి మెట్ల దారిలో సందెవేళ ఫోనుతో తీసిన బంగారు బల్లిని చూపింది. మన శేషాచలం రాళ్ళ సందుల్లో ఉండే బల్లి అది.

“ఎట్లుంది తాతా?”

బ్రహ్మాండమనబోయి ఆగాను. “బల్లి కదలకుండా బాగా వచ్చింది తల్లీ. వెనక ఆ పాలకవరు ఏమిటి?”

“ఒక్క నిమిషం, ఫోన్లోనే చెరిపేస్తా.”

“ఫోన్లో చెరిపితే రాతి మీది కవరు పోతుందా?”

మూతి ముడుచుకుని లోపలికి పోయింది. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. శనివారం తనే వచ్చి, “తాతా, కొండ మెట్లు ఎక్కగలవా?” అని అడిగింది. మోకాళ్ళకు నూనె రాసుకుని పోయాను. బల్లి కనబడలేదు. కవరు అక్కడే ఉంది, తెచ్చాము.