వించెస్టర్ 1894 రైఫిల్: గొట్టం మార్పిడి, పునరుద్ధరణ

అమెరికాలో జింకల వేటకు తరతరాలుగా వాడుతున్న లీవర్ యాక్షన్ రైఫిల్ వించెస్టర్ మోడల్ 1894. రూపకర్త జాన్ బ్రౌనింగ్. కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో దీని తయారీ 2006 వరకు సాగింది. తొలి తూటాలు నల్ల తుపాకిమందువే. 1895లో పొగరాని మందుతో .30-30 తూటా, దాని ఒత్తిడికి ఆగే నికెల్ ఉక్కు గొట్టం వచ్చాకే రైఫిల్ పేరు మారుమోగింది.

పాత రైఫిళ్ళలో ఎక్కువగా దెబ్బతినేది గొట్టం లోపలి భాగం. అప్పటి ప్రైమర్లలోని (తూటాను రాజేసే భాగాలు) పొటాషియం క్లోరేట్ కాలాక మిగిలే ఉప్పు తేమను పీల్చి, రైఫ్లింగ్ గాడులను తుప్పుతో తినేస్తుంది. వెంటనే నీళ్ళతో కడగని తుపాకీ గతి అంతే.

ఇలా పాడైన గొట్టాన్ని తొలిచి లోపల కొత్త ఉక్కు గొట్టం అమర్చడం ఒక పద్ధతి. దీనితో పైనున్న అసలు ముద్రలు చెక్కుచెదరవు కనుక విలువైన నమూనాలకు ఇదే మేలు. పూర్తిగా కొత్త గొట్టం వేయడం కష్టమైన పని: మరలు బిగిసి ఆగే చోటనే గురికమ్మి నిటారుగా నిలవాలి, ఎక్స్‌ట్రాక్టర్ గాడి, మ్యాగజైన్ గొట్టం కుదరాలి. తర్వాత హెడ్‌స్పేస్‌ను (బోల్టు ముఖానికీ తూటా ఆగే చోటుకీ మధ్య దూరం) గేజీలతో సరిచూడటం తప్పనిసరి. బోల్టు, లాకింగ్ బ్లాకు అరిగిపోయి ఉంటే కొత్త గొట్టం ఒక్కటే చాలదు.

పైమెరుపు సంగతి వేరు. 1964 తర్వాత కొన్నేళ్ళు వాడిన రిసీవర్ ఉక్కుకు మామూలు బ్లూయింగ్ (నీలి పూత) సరిగా పట్టదు. అంతకుముందరి వాటికి పడుతుంది గానీ, తళతళలాడే కొత్త రంగు కంటే వయసుతో వచ్చిన గోధుమ ఛాయకే సేకరణకర్తలు ఎక్కువ ధర కడతారు.