తెలంగాణ ఎన్నికలలో గుర్తు ద్వారా ఎంపిక: పెట్టె నుండి మీట వరకు (1952–2025)

వ్యాససంగ్రహం

అక్షరజ్ఞానం లేని ఓటరు బొమ్మను చూసి తన ప్రతినిధిని ఎన్నుకొనే పద్ధతి మన దేశంలో 1951-52 మొదటి సార్వత్రిక ఎన్నికలతో స్థిరపడింది. ఈ పద్ధతిలో చిత్రం, పేరు, వరుస, నమోదు అనే నాలుగు అంశాలు కాలక్రమంలో ఏ విధంగా మారాయో తెలంగాణ ఉదాహరణల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. లోక్‌సభ, శాసనసభ బ్యాలెట్‌పై గుర్తుకు తోడుగా పేరు, ఛాయాచిత్రం చేరుతూ రాగా, గ్రామపంచాయతీ బ్యాలెట్‌పై గుర్తు ఒంటరిగానే మిగిలిందనీ, ఆ లోటును పూరించే భారం ఓటరు జ్ఞాపకంపై పడుతున్నదనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఎన్నికల గుర్తు, బ్యాలెట్, చిత్ర ఎంపిక, గ్రామపంచాయతీ, రేగొండ, తెలంగాణ.

1. ఉపోద్ఘాతం

కోడు పెద్దగా రాయకుండానే యాప్‌లు తయారుచేసే వేదికలు నేడు అనేకం అందుబాటులోకి వచ్చాయి. వాటిలో వాడుకరి బొమ్మను తాకి తన ఇష్టాన్ని తెలిపే భాగం ఒకటి ఉంటుంది. దానిని అమర్చేవారు నాలుగు విషయాలు నిర్ణయించాలి: ఏ బొమ్మ చూపాలి, దాని కింద ఏ పేరు ఉండాలి, బొమ్మలు ఏ వరుసలో రావాలి, తాకినప్పుడు లోపల ఏ విలువ నమోదు కావాలి. ఈ నాలుగు ప్రశ్నలూ కంప్యూటర్‌తో పుట్టినవి కావు. కోట్లాది ఓటర్ల ముందు బొమ్మలు పెట్టి ఎంచుకొమ్మన్న భారత ఎన్నికల వ్యవస్థ ఏడు దశాబ్దాలకు పైగా వీటికే సమాధానాలు వెదుకుతూ వచ్చింది.

ఈ పరిశీలనకు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని రేగొండ మండలం తగిన స్థానం. పూర్వపు వరంగల్ జిల్లాకు చెందిన ఈ మండలం 2008 పునర్విభజనతో ఏర్పడిన భూపాలపల్లి శాసనసభ నియోజకవర్గంలో భాగం. ఇక్కడి ఓటరు శాసనసభ ఎన్నికలలో ఒక రకమైన బొమ్మల పట్టికనూ, సర్పంచ్ ఎన్నికలలో మరొక రకమైన పట్టికనూ ఎదుర్కొంటాడు. ఆ రెండింటి మధ్య తేడాయే ఈ వ్యాసానికి ఆధారం.

2. పెట్టెయే గుర్తు: 1952

1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 18.33 శాతం. ఓటర్లు దాదాపు 17.3 కోట్లు. తొలి ప్రధాన ఎన్నికల అధికారి సుకుమార్ సేన్ నేతృత్వంలో ఎన్నికల సంఘం ప్రతి అభ్యర్థికీ ఒక ప్రత్యేక పెట్టెను ఏర్పాటు చేసి, దానిపై అతని గుర్తును అతికించింది. బ్యాలెట్ పత్రంపై అభ్యర్థుల పేర్లు లేవు. ఓటరు తెర వెనుకకు వెళ్లి, తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో పత్రాన్ని వేసేవాడు. కాంగ్రెసుకు కాడి ఎద్దులు, సోషలిస్టు పార్టీకి మర్రిచెట్టు, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీకి గుడిసె, జనసంఘానికి దీపం కేటాయించారు. ఎద్దులు, చెట్టు, గుడిసె, దీపం అన్నీ పల్లె ఇంటి చుట్టూ కనిపించేవే. చూడగానే పోల్చుకోగలగడమే నాటి ప్రధాన ప్రమాణమని ఈ ఎంపిక తెలుపుతున్నది.

హైదరాబాద్ రాష్ట్రంలో గుర్తుకు అదనపు బాధ్యత కలిగింది. కమ్యూనిస్టు పార్టీపై అక్కడ నిషేధం ఉన్నందున దాని నాయకులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీచేశారు. నల్లగొండ నుండి రావి నారాయణరెడ్డి భారీ ఆధిక్యంతో లోక్‌సభకు ఎన్నికయ్యారు. వరంగల్ లోక్‌సభ స్థానంలో పెండ్యాల రాఘవరావు కాళోజీ నారాయణరావుపై గెలిచారు. ప్రజలకు పరిచయమైన పార్టీ పేరు బ్యాలెట్ రంగంలో లేనప్పుడు, కొత్త సంస్థనూ పాత నాయకులనూ కలిపే లంకెగా గుర్తు పనిచేసిందని భావించవచ్చు.

ఈ పద్ధతిలో బొమ్మకూ నమోదుకూ మధ్య దూరం లేదు. ఏ పెట్టెలో పత్రం పడితే ఆ గుర్తుకే ఓటు. అయితే ఓటరు పత్రాన్ని పెట్టెలో వేయకుండా బయటికి తెచ్చి అమ్ముకొనే అవకాశం ఉండేది. అభ్యర్థుల సంఖ్య పెరిగినకొద్దీ పెట్టెల సంఖ్యా పెరిగేది.

3. పెట్టె నుండి పత్రానికి: 1962

1960 కేరళ శాసనసభ ఎన్నికలలో ప్రయత్నించిన ముద్రవేసే పద్ధతి 1962 సార్వత్రిక ఎన్నికల నాటికి దాదాపు దేశమంతటా వ్యాపించింది. అభ్యర్థులందరి పేర్లూ గుర్తులూ ఒకే పత్రంపైకి వచ్చాయి. పెట్టె ఒక్కటే అయింది. పత్రాన్ని మడిచినప్పుడు సిరా ఎదుటి గడికి అంటుకున్నా అసలు ముద్రనూ దాని ప్రతిబింబాన్నీ వేరుచేయగలిగేటట్లు ముద్రలోని గీతలు ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. ఎంపిక జరిగిన క్షణానికీ లెక్కింపుకూ మధ్య పొరపాటు దొర్లకుండా చేసిన ఏర్పాటు ఇది.

గుర్తు క్రమంగా ఆస్తి స్వభావాన్ని సంతరించుకుంది. 1968 గుర్తుల రిజర్వేషన్, కేటాయింపు ఉత్తర్వు దానికి చట్టబద్ధమైన చట్రాన్నిచ్చింది. 1969లో కాంగ్రెస్ చీలినపుడు కాడి ఎద్దుల గుర్తు ఎవరిదన్న వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. ఆవుదూడ గుర్తు ఇందిరాగాంధీ వర్గానికి వచ్చింది. 1978 జనవరిలో మరో చీలిక తరువాత ఆమె పార్టీకి హస్తం లభించింది. ఫిబ్రవరిలో జరిగిన ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికలు ఆ కొత్త గుర్తుకు తొలి పరీక్షలలో ఒకటి. 294 స్థానాలలో 175 ఆ పార్టీకి దక్కాయి. కొన్ని వారాలలోనే కొత్త బొమ్మ ఓటరుకు పరిచయం కాగలదని ఈ ఫలితం నిరూపించింది. అయితే ఆ పరిచయం వెనుక ప్రసిద్ధమైన నాయకత్వం, విస్తృతమైన ప్రచారయంత్రాంగం ఉన్నాయన్నది మరువరాదు.

4. పట్టిక పొంగినప్పుడు

బొమ్మల పట్టిక ఎంత పెద్దదైనా పనిచేస్తుందా? ఈ ప్రశ్నను తెలంగాణ రెండుసార్లు లేవనెత్తింది. ఫ్లోరైడ్ నీటి సమస్యపై దృష్టి మళ్లించేందుకు 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి వందలమంది నామినేషన్లు వేయగా, 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. అదే ఏడు స్వతంత్ర అభ్యర్థులను ప్రతిపాదించేవారి సంఖ్యను పదికి పెంచారు. లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 రూపాయల నుండి 10,000 రూపాయలకు పెంచారు. గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులు ముందు, ఇతర నమోదిత పార్టీలవారు తరువాత, స్వతంత్రులు చివర వచ్చే వరుస కూడా అప్పుడే చట్టంలో చేరింది. 2019లో నిజామాబాద్‌లో పసుపు రైతులు పెద్దసంఖ్యలో పోటీచేయడంతో అభ్యర్థులు 185 మంది అయ్యారు. ప్రతి పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు అమర్చవలసి వచ్చింది. రెండు సందర్భాలలోనూ రైతులు, బాధితులు పట్టికనే తమ నిరసనపత్రంగా మలచుకున్నారు.

5. పోలిన బొమ్మలు

యంత్రంపై బొమ్మ చిన్నది, నలుపు తెలుపులది. అందువల్ల బొమ్మల మధ్య పోలిక కీలకమైంది. కారు గుర్తుగల తెలంగాణ రాష్ట్ర సమితి, రోడ్డురోలరు, చపాతీ కర్ర వంటి గుర్తులు తమ ఓటర్లను తికమక పెడుతున్నాయని పలుమార్లు అభ్యంతరం చెప్పింది. 2019 భువనగిరి లోక్‌సభ ఎన్నికలో ఆ పార్టీ 5,219 ఓట్ల తేడాతో ఓడిపోయింది. రోడ్డురోలరు గుర్తున్న అభ్యర్థికి 27,973 ఓట్లు వచ్చాయి. ఈ అంకెలు తికమకను రుజువు చేయవు. ఆ ఓటరు మనసులో ఏముందో ఓటు చెప్పదు. కానీ తేడా కంటే పోలిన గుర్తుకు అయిదు రెట్లకు పైగా ఓట్లు వచ్చినపుడు ఆ అనుమానాన్ని తోసిపుచ్చడమూ సులభం కాదు.

2022 మునుగోడు ఉపఎన్నికలో ఒక అభ్యర్థికి వచ్చిన రోడ్డురోలరును స్థానిక ఎన్నికల అధికారి మార్చగా, ఎన్నికల సంఘం జోక్యం చేసుకొని తిరిగి ఆ గుర్తునే ఇప్పించింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా పార్టీ అభ్యంతరాన్ని అంగీకరించలేదు. చిన్న అభ్యర్థికి న్యాయంగా దక్కిన గుర్తును పెద్ద పార్టీ సౌకర్యం కోసం లాగివేయరాదన్న వాదనకు బలముంది. అసలు పరిష్కారం గుర్తుల జాబితా తయారీ దశలోనే ఉండాలి. యంత్రంపై కనిపించే పరిమాణంలో ముద్రించి, వృద్ధ ఓటర్లకు చూపి పరీక్షించిన తరువాతనే బొమ్మను జాబితాలో చేర్చడం ఉచితం.

6. బొమ్మకు తోడు

చిత్రం ఒక్కటే చాలదన్న గ్రహింపు క్రమంగా పెరిగింది. చూపులేని ఓటరు కోసం యంత్రంపై బ్రెయిలీ అంకెలను 2004లో హైదరాబాద్‌లోని ఆసిఫ్‌నగర్ ఉపఎన్నికలో పరీక్షించారు. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన 'నోటా'కు మొదట బొమ్మ లేదు. 2015లో దానికీ ఒక గుర్తు ఏర్పడింది. అదే ఏడు మే 1 నుండి అభ్యర్థుల ఛాయాచిత్రాలు బ్యాలెట్‌పై చేరాయి. ఒకే పేరుగల అభ్యర్థుల వల్ల కలిగే అయోమయాన్ని తగ్గించడం దీని ఉద్దేశం. వీవీప్యాట్ చీటీ ఓటరు ఎంచుకున్న క్రమసంఖ్యను, పేరును, గుర్తును ఏడు సెకన్లపాటు చూపి, తన ఎంపిక సరిగా నమోదైందని నిర్ధారించుకొనే వీలు కల్పించింది.

7. పేరులేని పత్రం

రేగొండ ఓటరు సర్పంచ్‌ను ఎన్నుకొనేటప్పుడు ఈ తోడు ఏదీ ఉండదు. గ్రామపంచాయతీ ఎన్నికలు పార్టీరహితమైనవి. సర్పంచ్‌కు గులాబీ రంగు, వార్డు సభ్యునికి తెలుపు రంగు బ్యాలెట్ పత్రాలుంటాయి. వాటిపై గుర్తులే తప్ప అభ్యర్థుల పేర్లుండవు. పత్రాలు ముందుగానే ముద్రితమవుతాయి. ఆపై అభ్యర్థుల పేర్లను తెలుగు అక్షరక్రమంలో పేర్చి, రాష్ట్ర ఎన్నికల సంఘం జాబితాలోని గుర్తులను అదే వరుసలో కేటాయిస్తారు. మొదటివారికి ఉంగరం, తరువాతివారికి కత్తెర, ఆ తరువాత బ్యాట్. వార్డు సభ్యుల జాబితాలో గ్యాస్ పొయ్యి, బీరువా, ఈల, కుండ వంటివి కనిపిస్తాయి.

ఇందులో సౌలభ్యం స్పష్టం. వేలాది గ్రామాలకు వేర్వేరు పత్రాలు ముద్రించనక్కరలేదు. గుర్తు ఎంపికలో పక్షపాతానికి చోటులేదు. కానీ గుర్తుకూ మనిషికీ మధ్య సంబంధం పత్రంపై ఎక్కడా లేదు. 2025 డిసెంబరు ఎన్నికల తొలి విడతలో నామినేషన్ల ఉపసంహరణ 3వ తేదీన ముగియగా పోలింగ్ 11న జరిగింది. ఆ ఎనిమిది రోజులలోనే ఫలానా మనిషి అంటే ఉంగరమని, ఫలానా మనిషి అంటే కత్తెరని ఊరంతా గుర్తుపెట్టుకోవాలి. ఇంటింటికీ తిరిగి నమూనా బ్యాలెట్లు పంచగలిగినవారికి ఇది సులభం. ఖర్చుపెట్టలేని అభ్యర్థికి కష్టం. సర్పంచ్‌కు ఒక గుర్తు, వార్డు సభ్యునికి మరొకటి జ్ఞాపకం ఉంచుకోవలసిన వృద్ధులకు మరింత కష్టం.

8. ముగింపు

1952లో పేరు లేకుండా గుర్తు మాత్రమే ఉండడానికి కారణం నిరక్షరాస్యత. నేడు పంచాయతీ పత్రంపై పేరు లేకపోవడానికి కారణం ముద్రణ సౌలభ్యం. రెండూ చూడడానికి ఒకటిగానే ఉన్నా, మొదటిది ఓటరు అవసరం నుండి, రెండవది కార్యాలయ అవసరం నుండి పుట్టాయి. చిత్ర ఎంపికను ఎవరు ఎక్కడ అమర్చినా, యాప్‌లో గాని బ్యాలెట్‌పై గాని, బొమ్మ, పేరు, వరుస, నమోదు ఒకదానినొకటి నిలబెట్టాలని ఈ చరిత్ర తెలుపుతున్నది. పత్రంపై పేరు ముద్రించడం సాధ్యం కానిచోట, గుర్తులతో పాటు అభ్యర్థుల పేర్లు, ఛాయాచిత్రాలు గల పట్టికను పోలింగ్ గది ద్వారం వద్ద పెద్ద పరిమాణంలో ఉంచి, అక్షరం రానివారికి చదివి వినిపించే ఏర్పాటు చేయడం కనీస కర్తవ్యం. తన ఊరి పెద్దను ఎన్నుకొనే ఓటరుకు, దేశ పార్లమెంటు సభ్యుణ్ణి ఎన్నుకొనేటప్పుడు లభించే స్పష్టత కంటే తక్కువ లభించడం సమర్థనీయం కాదు.