కోసిన కాయ యూపిరి



మదనపల్లె, పుంగనూరు, మూడు రాష్ట్రముల కూడలియైన కుప్పము సుమారు 2,000 అడుగుల యెత్తున నున్న మెట్టసీమలోనివి. ఇట్టి యూళ్లలో మన యవ్వలు వంకాయలను, గోరుచిక్కుళ్లను, కాకరకాయలను తరిగి యెండకు వరుగులు చేసిరి. మామిడిని, నిమ్మను ఉప్పులో నూరవైచిరి. ఆ పనుల మర్మ మొక్కటియే. నీరు తగ్గినను, ఉప్పు మిక్కుటమైనను, కుళ్లు పుట్టించు సూక్ష్మజీవులు పెరుగజాలవు.

ఫ్రాన్సు దేశమున నికొలా అప్పేర్ ఆహారమును సీసాలలో మూసి యుడికించి నిలుపు పద్ధతిని కనిపెట్టి, 1810లో 12,000 ఫ్రాంకుల బహుమానము పొందెను. అది యేల ఫలించెనో ఆయన యెరుగడు. అర్ధశతాబ్దము గడచిన పిదప పాశ్చరు ఆ హేతువును దెలిపెను.

ఇక టమాటా సంగతి. తక్కాళి యనియు, రామములగ యనియు మనవారు పిలిచిన యీ కాయ అమెరికా ఖండమున బుట్టినది. స్పెయినువారు 16వ శతాబ్దమున దానిని యూరపునకు గొనిపోయిరి. నేడు మదనపల్లె దేశములోని మిక్కిలి పెద్ద టమాటా సంతలలో నొకటి. సంత పచ్చికాయనే కోరును గాని వరుగును గోరదు. కావున ఇచట అవ్వల ఉపాయము చాలదు.

కోసిన కాయ చచ్చినది కాదు. ఊపిరి దీయుచునే యుండును. పండుచున్న ఆపిలుపండ్లు ఇథిలీను అను వాయువును విడుచునని 1934లో ఇంగ్లండున రిచర్డు గేన్ నిరూపించెను. టమాటాయు నట్టిదే. అందువలన బుట్టలో పండిన కాయ యొక్కటి తక్కినవానిని త్వరపెట్టును. చలువ యా యూపిరిని నెమ్మదింపజేయును. అయినను మితిమీరిన చలువయు కీడే. పచ్చికాయను 12 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగువన పెక్కుదినము లుంచినచో, పిదప సరిగా పండదు, రుచియు చెడును.

విద్యుత్తు లేనిచోట నేమి చేయవలెను? 1980–90 నడుమ ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారు ఇటుకల జంటగోడల నడుమ ఇసుక నింపి, దానిని నీటితో తడుపుచుండెడి చలువగదిని రూపొందించిరి. మట్టికడవలో నీరు చల్లబడుటకు గల కారణమే దీనికిని కారణము.

2023 జూలైలో టమాటా కిలో నూరు రూపాయలు మించెను. కొలది వారములకే ధర కూలెను. ధర కూలినపుడు కోతకూలియు దక్కక, రైతు కాయలను బాటప్రక్కన పారబోయుట మన మెరిగినదే. దేశమంతట పంట పొంగినపుడు నాలుగు దినముల నిలువ ఆ నష్టము నంతయు బాపదు. అయినను ఆగగల రైతు ధర యడుగగలడు. ఆగలేనివాడు చెప్పిన ధరకు తలయూపవలసినదే.

కనుక కాయ రంగు తిరుగుచుండగనే కోయింపుడు. నీడన నుంచుడు. నలిగినదానిని, పండినదానిని వేరుచేయుడు. అమ్ముడుపోని పండు గుజ్జునకు అప్పేర్ మార్గ ముండనే యున్నది. ఎండకాలమున కూర దాచి, వానకాలమున వండిపెట్టిన యవ్వల ముందుచూపు మన పొలముగట్టునకును రావలెను.