డిజిటల్ ఫోటో బోర్డర్

ఫోటో చుట్టూ సాఫ్ట్‌వేర్‌తో వేసే రంగు పట్టీ, గీత లేదా అలంకార చట్రం. వాడుకలో ఫ్రేమ్ అని కూడా అంటారు. అచ్చు ఫోటోలకు తెల్ల అంచు పాత సంగతే. 1972 నాటి పోలరాయిడ్ ఎస్‌ఎక్స్-70 ఫోటోకు కింది అంచు వెడల్పుగా ఉండటం మాత్రం సోకు కోసం కాదు, డెవలప్ చేసే రసాయనపు సంచి అక్కడే ఉండేది.

ఫోటోషాప్‌లో కాన్వాస్ సైజు పెంచితే బొమ్మ తరగకుండా చుట్టూ అంచు వస్తుంది. స్ట్రోక్‌లో 'ఇన్‌సైడ్' ఎంచుకుంటే గీత బొమ్మ మీదికే ఎక్కుతుంది. ఉచితంగా దొరికే గింప్‌లో ఫిల్టర్స్, డెకర్ కింద యాడ్ బోర్డర్ ఉంది. 300 డీపీఐ లెక్కన పావు అంగుళం అంచుకు 75 పిక్సెళ్లు. మరీ సన్నగీత వద్దు: కత్తిరింపులో బ్లేడు కాస్త జరిగినా ఒకవైపు లావు, మరోవైపు మాయం. మధ్యలో ఖాళీ ఉన్న తోరణాలు, ముగ్గులను పీఎన్‌జీగా దాచాలి. జేపెగ్‌లో పారదర్శకత నిలవదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలున్న ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ వంటి హిందీ ప్రాంతపు ఊళ్లలో పెళ్లి ఆల్బమ్ అంచున పేర్లు తెలుగు, దేవనాగరి రెండు లిపుల్లోనూ వేయాల్సి రావచ్చు. ఒత్తులు విడిపోతే ఫోటోషాప్‌లో వరల్డ్-రెడీ లేఅవుట్ పెట్టుకోవాలి. 12×36 అంగుళాల ఆల్బమ్ జంటపుటకు 300 డీపీఐలో 3600×10800 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో వచ్చిన తోరణాన్ని అంత సాగదీస్తే మామిడాకులు గళ్లుగళ్లుగా తేలతాయి.