ఇంటి గ్రామఫోన్: అమరిక, వాడకం, చరిత్ర ఆధారం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ కింది అంశాలను వివరించగలుగుతారు:
• గ్రామఫోన్ మన దేశానికి, తెలుగువారి ఇళ్లకు వచ్చిన క్రమం
• కీ ఇచ్చే పెట్టెకు, కరెంటు ప్లేయరుకు గల తేడాలు, వాటిని వాడే పద్ధతులు
• పాత ప్లేటును చరిత్ర ఆధారంగా పరిశీలించే విధానం
• ప్లేటు పాడుకాకుండా వినడానికి, దాచడానికి తీసుకోవలసిన జాగ్రత్తలు

1. ఉపోద్ఘాతం

చరిత్ర ఆధారాలు అనగానే మనకు శాసనాలు, ఫర్మానాలు, తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో ఉన్న దస్త్రాలు గుర్తుకు వస్తాయి. ఇంటి అటక మీద ఉన్న గ్రామఫోన్ పెట్టె, పాత చీరముక్కలో చుట్టిన ప్లేట్లు గుర్తుకు రావు. కాని 20వ శతాబ్దంలో ఒక తెలుగు కుటుంబం ఏమి విన్నది, ఎలా విన్నది అన్న ప్రశ్నకు దస్త్రాలలో కంటే ఆ అటక మీదనే ఎక్కువ జవాబు దొరుకుతుంది.

బషీర్‌బాగ్ నుంచి నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ దాకా గత కొన్ని దశాబ్దాలలో ఎన్నో పాత ఇళ్లు పోయి వాటి స్థానంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇల్లు ఖాళీ చేసే రోజున పుస్తకాలను ఎవరో ఒకరు అడిగి తీసుకుంటారు. ప్లేట్లను అడిగేవారు ఉండరు. అవి పాత సామాను కొనేవారి బండి ఎక్కుతాయి. ఆ బండి వీధి మలుపు తిరిగేసరికి ఒక కుటుంబం విన్న చరిత్ర చెదిరిపోతుంది.

అందువల్ల ఈ పాఠంలో గ్రామఫోన్ చరిత్రను దాని వాడకం వైపు నుంచి చదువుదాం. పెట్టెను ఎలా అమర్చేవారో, ముల్లును ఎలా పెట్టేవారో తెలిస్తేనే ప్లేటు మీద మిగిలిన గుర్తులు మనకు అర్థమవుతాయి.

2. గ్రామఫోన్ రాక

థామస్ ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్‌ను తయారుచేశాడు. అది స్తూపం మీద శబ్దాన్ని గీసే యంత్రం. 1887లో ఎమిల్ బెర్లినర్ స్తూపానికి బదులు బల్లపరుపు పళ్లాన్ని వాడాడు. ఒక అచ్చు నుంచి అటువంటి పళ్లాలను వేల సంఖ్యలో ఒత్తవచ్చు. పాట సరుకుగా మారడానికి మూలం ఇదే.

1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలను రికార్డు చేశాడు. ఆమె పాట చివర తన పేరును ఇంగ్లీషులో తానే ప్రకటించుకునేది. ప్లేట్లను ఒత్తే పని అప్పుడు జర్మనీలోని హానోవర్‌లో జరిగేది. అక్కడి పనివారు ఏ ప్లేటు ఎవరిదో గుర్తుపట్టడానికి ఈ ప్రకటన ఉపయోగపడేదని చెబుతారు. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారం రావడంతో ప్లేట్లు ఇక్కడే తయారు కాసాగాయి.

ఆనాటి ప్లేటుకు ముఖ్యమైన ముడిసరుకు లక్క. మోదుగ, రేగు వంటి చెట్ల మీద బతికే లక్కపురుగు నుంచి వచ్చే పదార్థమిది. దానిలో మెత్తని రాతిపొడి, నలుపు రంగు కలిపి, వేడిచేసి ఒత్తేవారు. ప్రపంచానికి లక్కను ఎగుమతి చేసిన దేశాలలో మనదే ప్రధాన స్థానం. అంటే లండనులోనో న్యూయార్కులోనో మోగిన పాటలో కూడా మన అడవి పాలు ఉండేది.

3. కీ ఇచ్చే పెట్టె: అమరిక, వాడకం

హైదరాబాదులో విద్యుత్ శాఖ 1910లోనే ఏర్పడింది. అయినా కరెంటు ఇంటింటికీ చేరడానికి దశాబ్దాలు పట్టింది. పల్లెలకు ఇంకా ఆలస్యంగా చేరింది. కీ ఇచ్చే గ్రామఫోన్‌కు కరెంటు అక్కరలేదు. అది అంత విస్తృతంగా వ్యాపించడానికి ఇది మొదటి కారణం. 1960 దశకంలో కూడా మన దేశంలో 78 చుట్ల ప్లేట్లు తయారు కావడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

వాడే పద్ధతిని వరుసగా చూద్దాం.

(అ) పెట్టెను కదలని బల్ల మీద మట్టంగా ఉంచాలి. నీళ్లు పోసిన పళ్లెం పెట్టి మట్టం చూసుకోవచ్చు. బల్ల ఒరిగితే ముల్లు గాడిలో ఒక గోడను మాత్రమే రాసుకుంటూ పోతుంది.

(ఆ) చేతికి బిగువు తగిలేదాకా కీ ఇవ్వాలి. అంతకు మించి తిప్పితే లోపలి స్ప్రింగు తెగుతుంది. పని అయిపోయాక స్ప్రింగును బిగువుతో వదలకుండా పళ్లాన్ని తిరగనిచ్చి దానిని వదులు చేయాలి.

(ఇ) సౌండ్ బాక్సులో కొత్త ముల్లు బిగించాలి. పళ్లెం పూర్తి వేగం అందుకున్నాక ముల్లును ప్లేటు అంచున మెల్లగా దించాలి.

(ఈ) ఒక వైపు పాట అయిపోగానే ముల్లును తీసి పారేయాలి.

ఈ చివరి నియమం వెనుక ఒక కారణం ఉంది. ప్లేటులోని రాతిపొడి ఉక్కు ముల్లు మొనను అరగదీసి గాడి ఆకారానికి తెస్తుంది. మూడు నిమిషాలకే ఆ మొన ఉలిలా మారుతుంది. అదే ముల్లుతో మరో ప్లేటు వేస్తే ఇక గాడి తెగడం మొదలవుతుంది. ముళ్లు చిన్న రేకు డబ్బాలలో 200 చొప్పున వచ్చేవి. కాని పొదుపు తెలిసిన ఇంట్లో పాటకొక ముల్లు పారేయడం ఎవరికి మనసొప్పుతుంది? ఒకే ముల్లుతో నాలుగైదు పాటలు లాగించేవారు. ఫలితంగా నల్లని గాడి బూడిద రంగుకు తిరిగేది.

చరిత్ర విద్యార్థి ఆ బూడిద రంగును గమనించాలి. ఒక ప్లేటులో ఒక వైపు నల్లగా మెరుస్తూ, మరో వైపు బూడిద రంగులో ఉంటే, ఆ ఇంటివారు ఏ పాటను పదేపదే విన్నారో మనకు తెలుస్తుంది. కంపెనీ లెక్కలు ఎన్ని ప్లేట్లు అమ్ముడయ్యాయో చెప్పగలవు. ఏ వైపు ప్రీతిపాత్రమైనదో అరుగుదల మాత్రమే చెప్పగలదు. ఇందులో ఒక విషాదం కూడా ఉంది: ఎక్కువ ఇష్టపడిన పాటే ఎక్కువగా అరిగిపోయి మనకు సరిగా వినిపించకుండా పోయింది.

4. మూడు నిమిషాల పద్యం

పది అంగుళాల ప్లేటు ఒక వైపు సుమారు మూడు నిమిషాలు పలికేది. ఈ హద్దు మన పద్యనాటకాన్ని నేరుగా తాకింది. రంగస్థలం మీద నటుడు పద్యం చివర రాగాన్ని ఇష్టమున్నంతసేపు సాగదీయవచ్చు. ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ అంటే మళ్లీ అందుకోవచ్చు. ప్లేటు ముందు ఆ స్వేచ్ఛ లేదు. ఎత్తుగడ, పద్యం, ఆలాపన అన్నీ మూడు నిమిషాలలో ముగియాలి.

కపిలవాయి రామనాథశాస్త్రి వంటి రంగస్థల గాయకుల గొంతు, వారి నాటకాలు ఎన్నడూ చూడని ఇళ్లకు కూడా ప్లేట్ల ద్వారా చేరింది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలను ఔత్సాహిక నటులు ప్లేటు విని, ముల్లు వెనక్కి పెట్టి, మళ్లీ విని నేర్చుకున్నారు. ఆ విధంగా గురువు ఎదురుగా లేకుండా నేర్చుకునే పద్ధతి ఒకటి ఏర్పడింది. దూరవిద్య చదువుతున్న మీకు ఇది కొత్త సంగతి కాదు.

నాటక పద్యాల తరువాత లలితగీతాలు వచ్చాయి. రావు బాలసరస్వతీదేవి, సాలూరి రాజేశ్వరరావు, టంగుటూరి సూర్యకుమారి, ఘంటసాల వంటివారి పాటలు సినిమాతో నిమిత్తం లేకుండా ప్లేట్ల మీద ప్రచారం పొందాయి. కరుణశ్రీ పుష్పవిలాపం ఘంటసాల గొంతులో ఇంటింటి పాఠమైంది. శంకరంబాడి సుందరాచారి రాసిన ‘మా తెలుగు తల్లికి’ గీతం సూర్యకుమారి గొంతుతో ప్లేటెక్కి ఊరూరా చేరింది.

1956లో రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆంధ్ర ప్రాంతం నుంచి ఉద్యోగులు హైదరాబాదుకు తరలివచ్చారు. చిక్కడపల్లి, అశోక్‌నగర్ వంటి ప్రాంతాలలో స్థిరపడినవారు చాలామంది. ఒక ఇంటి నుంచి ఉర్దూ గజల్, పక్క ఇంటి నుంచి తెలుగు పద్యం వినిపించగల నగరం ఇది. చిక్కడపల్లిలో 1966లో త్యాగరాయ గానసభ వెలిసింది. సభకు వెళ్లి వినడం, ఇంట్లో ప్లేటు పెట్టుకుని వినడం పక్కపక్కనే సాగాయి.

5. కరెంటు ప్లేయరు, కొత్త ప్లేటు

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్.పి.ని తెచ్చింది. మరుసటి ఏడు 45 చుట్ల ప్లేటు వచ్చింది. ఇవి లక్కతో కాక వినైల్ ప్లాస్టిక్‌తో చేసినవి. గాడి సన్నం. ఎల్.పి. ఒక వైపు ఇరవై నిమిషాలకు పైగా పలుకుతుంది. 1974లో ఘంటసాల కన్నుమూసిన తరువాత విడుదలైన భగవద్గీత ఎల్.పి. ఎన్నో తెలుగు ఇళ్లలో వినిపించింది. మూడు నిమిషాల ప్లేట్ల మీద అటువంటి పారాయణం ముక్కలు ముక్కలయ్యేది.

హెచ్.ఎం.వి. ఫియెస్టా, కాలిప్సో వంటి ప్లేయర్లు మధ్యతరగతి ఇళ్లకు వచ్చిన కాలమిది. వీటిని వాడేవారు రెండు విషయాలు చూసుకోవాలి: వేగం మీట ఏ అంకె మీద ఉంది, ముల్లు ఏ వైపుకు తిరిగి ఉంది. 78 చుట్ల ప్లేటుకు లావు మొన, ఎల్.పి.కి అందులో సుమారు మూడో వంతు మందం గల సన్నని మొన ఉంటాయి. ఒక మొన రెండింటికీ పనికిరాదు.

ఈ సంగతి నేను నష్టపోయి తెలుసుకున్నాను. మా ఇంట్లో తాతగారి కీ పెట్టె, నాన్నగారు కొన్న కరెంటు ప్లేయరు రెండూ ఉండేవి. కరెంటు పోయిన ఒక సాయంత్రం, పాట మధ్యలో ఆగిపోయిందన్న ఆత్రంతో, కొత్త 45 చుట్ల ప్లేటును తీసుకెళ్లి కీ పెట్టె మీద వేశాను. పాట కీచుగొంతుతో పరుగెత్తింది. నవ్వుకుంటూ చివరిదాకా విన్నాను. కరెంటు వచ్చాక మళ్లీ ప్లేయరు మీద పెడితే గరగర తప్ప ఏమీ వినపడలేదు. వంద గ్రాములకు పైగా బరువుతో దిగే ఉక్కు ముల్లు మెత్తని వినైల్ గాడిని ఒక్కసారికే దున్నేసింది. మా ఇంట్లో ఆ ప్లేటు మళ్లీ కొనలేదు.

1970 దశకం చివరి నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు టేప్‌రికార్డర్లు తెచ్చారు. 1980 దశకంలో చవక క్యాసెట్లు రావడంతో ప్లేయర్లు అటకెక్కాయి. ‘అరిగిపోయిన రికార్డు’ అనే మాట మాత్రం వ్యవహారంలో మిగిలింది.

6. ప్లేటును ఆధారంగా పరిశీలించడం

ముందుగా లేబుల్‌ను చదివి గాయకుడి పేరు, నాటకం లేదా సినిమా పేరు, కంపెనీ, ప్లేటు సంఖ్య రాసుకోవాలి. లేబుల్ చుట్టూ గాడి లేని భాగంలో చెక్కిన అంకెలను కూడా రాసుకోవాలి. అవి ఆ వైపు రికార్డింగును గుర్తించడానికి పనికివస్తాయి. తరువాత రెండు వైపుల అరుగుదలను పోల్చాలి.

వినేటప్పుడు వేగాన్ని సరిచూడటం తప్పనిసరి. లేబుల్ అంచున చిన్న కాగితం ముక్క అంటించి, ముల్లు ప్లేటు మీద ఉండగానే గడియారం చూస్తూ చుట్లు లెక్కపెట్టండి. అర నిమిషానికి 39 చుట్లు రావాలి. వేగం నూటికి ఆరు పాళ్లు పెరిగితే, అంటే 78కి బదులు సుమారు 83 చుట్లు తిరిగితే, శ్రుతి అర స్వరం పెరుగుతుంది. నాలుగు శ్రుతిలో పాడిన నటుడు నాలుగున్నరలో పాడినట్టు వినిపిస్తాడు. తొలినాళ్ల ప్లేట్లలో రికార్డు చేసిన వేగమే కచ్చితంగా 78 కాకపోవచ్చు. కనుక ‘ఫలానా నటుడు ఎంత హెచ్చు శ్రుతిలో పాడేవాడో’ అని ప్లేటును బట్టి రాసే ముందు ఈ పరీక్ష చేయాలి.

7. భద్రపరిచే పద్ధతులు

• లక్క ప్లేటును స్పిరిటుతో తుడవకూడదు. లక్క స్పిరిటులో కరుగుతుంది. శుభ్రమైన నీటిలో తడిపిన మెత్తని గుడ్డతో, లేబుల్ తడవకుండా తుడిచి ఆరబెట్టాలి.
• ప్లేట్లను పుస్తకాల మాదిరిగా నిలబెట్టాలి. దొంతరగా పేరిస్తే లక్క ప్లేట్లు పగులుతాయి, వినైల్‌వి వంగుతాయి. మన మే నెల ఎండ వినైల్‌కు ప్రమాదం.
• అరుదైన ప్లేటును ఉక్కు ముల్లుతో వినవద్దు. 78 చుట్ల ప్లేట్లకు తగిన మొన గల తేలిక ప్లేయరు మీద ఒకసారి వేసి, కంప్యూటరులోకి ఎక్కించుకుని, తరువాత ఆ ప్రతినే వినాలి.

8. సారాంశం

గ్రామఫోన్ ప్లేటులో రెండు చరిత్రలు ఉన్నాయి. ఒకటి స్టూడియోలో గాయకుడు గీసిన గాడి. రెండవది ఇంటివారు వింటూ వింటూ మిగిల్చిన అరుగుదల. మొదటిదానికి వేరే ప్రతులు దొరకవచ్చు. రెండవది ఆ ఒక్క ప్లేటులోనే ఉంటుంది. మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో ప్లేట్లు ఉంటే వాటిని ఎవరు కొన్నారో, ఏ సందర్భంలో వినేవారో పెద్దలను అడిగి ఇప్పుడే రాసుకోండి. ప్లేటు మరికొన్నేళ్లు ఆగగలదు. చెప్పేవారు ఆగలేరు.

9. మాదిరి పరీక్షా ప్రశ్నలు

అ. కింది వాటికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కీ ఇచ్చే గ్రామఫోన్‌లో పాటకొక ముల్లు మార్చాలన్న నియమానికి కారణమేమిటి?
2. ప్లేటు వేగానికి, శ్రుతికి గల సంబంధాన్ని వివరించండి.

ఆ. కింది వాటికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మూడు నిమిషాల హద్దు తెలుగు పద్యగానంపై చూపిన ప్రభావాన్ని చర్చించండి.
2. ఒక ఇంటి ప్లేట్ల సేకరణను సాంఘిక చరిత్రకు ఆధారంగా ఎలా వినియోగించుకోవచ్చు? ఆ ఆధారానికి గల పరిమితులు ఏవి?